పాత బోర్డు స్కూలు పెంకుటిల్లు: ఏ వాడకానికి ఎన్ని మార్కులు

కోస్తా పల్లెల్లో చెరువుగట్టు పక్కనో రామాలయం వెనకో అక్కడక్కడా ఇంకా నిలబడి ఉన్న పెంకుటి బడి మీద ఈ సమీక్ష. పక్కన శ్లాబు గదులు లేచాక దీన్నేం చెయ్యాలో ఎవరికీ పాలుపోదు. పూర్వ విద్యార్థుల సంఘం ‘మాకిచ్చేయండి, బాగు చేసుకుంటాం’ అంటుంది. ఇంజనీరుగారు వచ్చి చూసి ‘శిథిలం’ అని రాసి వెళ్తారు. ఆ రెండు మాటల మధ్య పంచాయతీ తాళం వేసి ఊరుకుంటుంది. బడి, రాత్రి బడి, టీవీ గది, పోలింగ్ కేంద్రం, పెళ్లివారి విడిది, వంటగది, ధాన్యం కొట్టు, అంగన్‌వాడీ: ఈ కట్టడం చూడని పని లేదు. కాబట్టి మార్కులు వెయ్యడానికి సాక్ష్యాలు బయట వెతకక్కర్లేదు, గోడల మీదే ఉన్నాయి.

మార్కులేసే పద్ధతి ఒకటే. ఆ పని అయిపోయాక నేల మీద, గోడ మీద, కప్పులో ఏం మిగిలింది? చీపురుతో పోయేదైతే మంచి వాడకం. మేస్త్రిని పిలవాల్సి వస్తే మార్కులు తెగ్గొయ్యాల్సిందే.

ముందు సరుకు సంగతి. ఊరూరికీ తేడా ఉంటుంది గానీ మామూలు లెక్క ఇది: లోపల 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, మధ్యలో అడ్డుగోడ, ముందు ఎనిమిదడుగుల వసారా. గోడ అడుగున్నర మందం, ఇటుక, గానుగ సున్నం. గోడ ఎత్తు పదడుగులు, కప్పు నడినెత్తిన పదహారు దాకా. అరుగు నేలకు రెండున్నర అడుగుల ఎత్తు. వరద నీళ్లు తెలిసిన ఊళ్లలో ఇంకో అడుగు ఎక్కువే ఉంటుంది. దూలాలు టేకో ముదురు తాటికర్రో. తెలంగాణ పల్లెల్లోనైతే గూనపెంకులు, డంగుసున్నం ఉంటాయి. వాటి మరమ్మతు లెక్క వేరు, ఇక్కడ కలపడం లేదు.

గుమ్మం పైన పేరు రాసిన చోట గోరుతో కాస్త గీకి చూడండి. అడుగున జిల్లా బోర్డు, తాలూకా బోర్డుల కాలపు అక్షరాలు. అందుకే ఇప్పటికీ పెద్దవాళ్ల నోట ‘బోర్డు స్కూలు’. దాని మీద 1959 చట్టం తరవాతి ‘పంచాయతీ సమితి ప్రాథమిక పాఠశాల’. ఆ పైన 1986 మండల ప్రజా పరిషత్తుల చట్టంతో వచ్చిన ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’. సున్నం మీద సున్నం పడ్డ చోట పొర లేచి పెచ్చుగా ఊడొస్తుంది, పక్కవాటం వెలుతురులో మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. రంగులు వేయించేటప్పుడు ఇసుక కాగితంతో రుద్దించేసి ఈ ఒక్క జానెడు చోటును పాడుచేస్తారు. దాన్ని వదిలేసి చుట్టూ వేయించుకుంటే పోయేదేం లేదు.

కట్టడం ప్రాణమంతా కప్పులో ఉంది. మన వైపు వీటిని బెంగుళూరు పెంకులంటాం గానీ వీటి పుట్టిల్లు మంగుళూరు. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. చదరపు మీటరుకు 15 పెంకులు పడతాయి. పైన చెప్పిన కొలతకు వసారా, చూరు కలిపి దాదాపు 1,900. పగిలేవి కలుపుకుంటే 2,000 తెప్పించాలి. ఒక్కోటి రెండున్నర నుంచి మూడు కిలోలు. అంటే ఎండిన కప్పు మీదే ఐదు టన్నుల చిల్లర బరువుంది, వాన పడితే ఇంకా పెరుగుతుంది. కింద రీపరు (పెంకులు ఆనే కర్రపట్టీ) పుచ్చినా ‘ఇంకో ఏడాది లాగుతుందిలే’ అనుకునే కప్పు కాదిది.

పెంకు పగలడానికి గాలివాన కంటే పెద్ద కారణాలు మూడు: కోతులు, పక్కనున్న కొబ్బరిచెట్టు మట్టలు, చింతకాయల కోసం పిల్లలు విసిరే రాళ్లు. నీరు కారే చోటు చూసి పెంకు మారిస్తే లాభం లేదు. పగిలింది ఒక చోటైతే నీళ్లు రీపరు పట్టుకుని పాకి మూడు నాలుగడుగుల అవతల కారతాయి. మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి లోపల నిలబడి పైకి చూడండి. సూదిబెజ్జమంత వెలుగు కనిపించే ప్రతి చోటుకీ కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. మార్చాల్సిన పెంకులు అవే.

మార్చడం కష్టం కాదు. పై వరస పెంకును రెండు చేతులా కాస్త ఎత్తి పట్టుకుని పగిలినదాన్ని ముక్కు రీపరు దాటేలా ఎత్తి కిందికి లాగెయ్యాలి. కొత్తదాన్ని వెనకవైపున్న ముక్కు రీపరు దాటేదాకా పైకి తోసి, రీపరుకు తగిలించి, పక్క పెంకు గాడిలో కూర్చోబెట్టాలి. పొరపాటు జరిగేది కొనేటప్పుడు. పెంకు వెనక ఫ్యాక్టరీ పేరు అచ్చులో ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ గాడి ఇంకో ఫ్యాక్టరీ పెంకుకు అతకదు, అరంగుళం తేడా వచ్చినా ఆ సందులోంచి ఎదురుజల్లు లోపలికి కొడుతుంది. పాత పెంకు ఒకటి చేత్తో పట్టుకెళ్లి దాని పక్కన పెట్టి చూసి కొనాలి. జత దొరక్కపోతే వసారా మీది పాతవన్నీ తీసి ప్రధాన కప్పుకు వాడి, వసారాకు మొత్తం కొత్తవి వేయించడం తెలివైన పని. పైకెక్కేవాళ్లు చెప్పుల్లేకుండా ఎక్కాలి, పెంకుల మీద నిచ్చెన పడుకోబెట్టి దాని మెట్ల మీదే నడవాలి. పెంకు నడుం మీద కాలు పడిందా, ఒకటి మార్చబోయి నాలుగు పగులుతాయి. పనంతా రోహిణి కార్తెలో మొదలై మృగశిరకు ముగియాలి. ఆ తరవాత పెంకు తడిగా ఉంటుంది, పాచి జారుతుంది, కూలీలు నాట్లకు పోతారు.

పెంకులు తీయించినప్పుడే రీపర్లు చూసుకోవాలి. రెండంగుళాల పట్టీలు, పన్నెండున్నర అంగుళాల ఎడం. చెదలు మొదట పట్టేది దూలం గోడలోకి దూరే చోట. స్క్రూడ్రైవరు మొన గుచ్చితే పావంగుళం కూడా దిగకపోతే కర్ర గట్టిదే, చేతి ఒత్తిడికే దిగిపోతే దూలం మార్చాలి. ‘ఎందుకీ గొడవ, సిమెంటు రేకులు వేయించేద్దాం’ అనే సలహా ప్రతి ఊళ్లోనూ ఒకరిస్తారు. రేకుల కింద మే నెల మధ్యాహ్నం కూర్చోలేరు, జూలై వానలో ఒకరి మాట ఒకరికి వినపడదు. పెంకు సందుల్లోంచి పైకి పోయే వేడిగాలి రేకు కింద నిలిచిపోతుంది.

గోడల విషయంలో జరిగే తప్పు ఒక్కటే, కానీ అందరూ చేస్తారు. సున్నం గోడకు సిమెంటు పూత. పాత గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, సున్నంలోంచి ఆవిరిగా వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకెక్కి, నడుమెత్తున ఉప్పు తేలి, చవుడు పట్టి, రెండో వర్షాకాలానికల్లా పూత పలకలుగా ఊడుతుంది. ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా పట్టుకొస్తుంది. పైన ప్లాస్టిక్ పెయింటు కూడా వేశారంటే రోగం మీద దుప్పటి కప్పినట్టే. సున్నంతోనే పూయించాలి, వెల్లే వేయించాలి. మూలల్లో ఏటవాలు పగుళ్లుంటే అడ్డంగా కాగితం అంటించి తేదీ రాయండి. ఆర్నెల్లలో కాగితం చిరక్కపోతే అది పాత పగులు. చిరిగితే పూత పని ఆపి పునాది తవ్వి చూడాలి.

ఇక వాడకాలు. మొదటిది అసలు పనే. బడిగా దీనికి పదికి ఏడు. వెలుతురు, గాలి బాగుంటాయి. ఆకుపసరులో బొగ్గు నూరి పట్టించిన గోడ నల్లబల్ల మీద, కిటికీ ఎడమవైపు పడేలా కట్టిన గదుల్లో, చివరి వరసకూ మెరుపు లేకుండా అక్షరం కనిపిస్తుంది. మూడు మార్కులు పోయేది అడ్డుగోడ దగ్గర. అది పదడుగులకే ఆగిపోతుంది, పైన కప్పంతా ఒకటే. ఒక గదిలో ఎక్కాలు మొదలైతే రెండో గదిలో తెలుగు వాచకం మునిగిపోతుంది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలంది. కాగితం మీద ఈ కట్టడం ఆ లెక్కకు సరిపోయింది, చెవికి మాత్రం ఒకే గది. అడ్డుగోడ పైన వెదురు తడికో దళసరి గోనెగుడ్డో కట్టినా సగం మోత తగ్గుతుంది.

సాయంత్రాల వాడకానికి పదికి తొమ్మిది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ టీవీ పెట్టడానికి పదిమందీ కూడే చోటు, తాళం పడే చోటు కావాలంటే పల్లెలో ఉన్నది బడే. తొంభైల మొదట్లో సాక్షరతా ఉద్యమం రాత్రి బడులూ ఇలాంటి వసారాల్లోనే కూర్చున్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించడం, అది ఊరూరా పాకడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం రావడం అందరికీ తెలిసిన చరిత్రే. ఆ ఉద్యమం వల్ల ఈ కట్టడం మీద పడ్డ ఖర్చు లాంతరు తగిలించడానికి ఒక మేకు. ఇంత తక్కువ అరుగుదలతో ఇంత పని చేయించుకున్న వాడకం ఇంకోటి లేదు.

పోలింగ్ కేంద్రంగా ఆరు. కొలతలు చక్కగా సరిపోతాయి: గది కనీసం 20 చదరపు మీటర్లుండాలంటారు, ఇక్కడ ఒక్కో గది దాదాపు 24. మేడ ఎక్కనక్కర్లేదు, లోపలికో దారి బయటికో దారి, వరసకు నీడగా వసారా. ఇబ్బంది రెండున్నర అడుగుల అరుగు. చక్రాల కుర్చీకి ఏటవాలు దారి ఒకటికి పన్నెండు లెక్కన కట్టాలంటే 30 అడుగుల పొడవు కావాలి. చాలాచోట్ల ఎనిమిదడుగుల్లో ముగించేసి ‘ర్యాంపు ఉంది’ అని రాసేస్తారు. దాని మీద ముసలివాళ్లను ఎక్కించాలంటే ఇద్దరు తోయాలి, దించేటప్పుడు నలుగురు పట్టుకోవాలి. ఎల్ ఆకారంలో అరుగు పక్కగా తిప్పితే జాగా సరిపోతుంది. రెండో సంగతి కిటికీలు. ఓటు వేసే మరుగుచోటు కిటికీ పక్కన ఉండకూడదు, ఓటు చీటీ చూపించే వీవీప్యాట్ యంత్రం మీద నేరుగా వెలుగు పడకూడదు. ఇన్ని కిటికీలున్న గదిలో దానికి పనికొచ్చేది అడ్డుగోడ వెనక మూల ఒక్కటే. మిగతా బల్లలు దాన్ని బట్టి వేసుకోవాలి. అయిపోయాక మిగిలేవి: గచ్చు మీద ఎర్ర లక్క బొట్లు, గోడ మీద మైదా జిగురు, తలుపు పక్కన పెద్దక్షరాల కేంద్రం నంబరు. లక్కను కత్తితో గీకితే గచ్చు లేస్తుంది. మంచు ముక్క పెట్టి గట్టిపడ్డాక చెక్కముక్కతో తడితే పెళుసుగా ఊడుతుంది.

పెళ్లివారి విడిదిగా నాలుగు, అదీ మొహమాటానికి. వైశాఖ ముహూర్తాలు, ఎండాకాలం సెలవులు ఒకేసారి వస్తాయి కాబట్టి మగపెళ్లివారికి బడి ఇవ్వడం ఆనవాయితీ. జూన్ 12న బడి తెరిచేసరికి అంతా సర్దుకుంటుందని అనుకుంటారు. పసుపు, నలుగుపిండి, తాంబూలం మరకలు కడిగితే పోతాయి. పోనిది గాడిపొయ్యి. వాన భయానికి దాన్ని వసారా చివర, స్తంభానికి మూడడుగుల్లో తవ్వుతారు. ఒక పూట వంటకే స్తంభం సున్నం పగిలి గుల్లవుతుంది, పైన చూరు రీపర్లకు మసి పట్టి నిప్పురవ్వ అందుకునేంత ఎండిపోతాయి. పొయ్యి బడికి కనీసం 20 అడుగుల దూరంలో పెడతామని రాసిచ్చాకే తాళంచెవి ఇవ్వాలి. షామియానా తాళ్లు వసారా స్తంభాలకు కట్టనివ్వకూడదు. గాలి వీస్తే గుడ్డ చిరగదు, స్తంభం కదులుతుంది.

వంట మాట వచ్చింది కాబట్టి మధ్యాహ్న భోజనం. 2003 జనవరిలో వండి పెట్టడం మొదలైనప్పుడు చాలా బడుల్లో వంటగది లేక ఒక గదినో వసారా మూలనో వాడారు. దీనికి రెండు మార్కులు. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో వంటపాక నిప్పు బడికి అంటుకుని 94 మంది పిల్లలు పోయాక కూడా కర్ర కప్పు కింద కట్టెల పొయ్యి పెట్టేవాళ్లకు చెప్పగలిగిందేం లేదు. గది నిలవకు మాత్రం బాగుంటుంది. ప్రాథమిక బడి పిల్లవాడికి పూటకు 100 గ్రాముల బియ్యం. అరవై మందికి రోజుకు ఆరు కిలోలు, నెలకు 22 పనిదినాలకు 132 కిలోలు, అంటే మూడు బస్తాలకు లోపే. గోడకు అడుగు దూరంగా, నేలకు ఆరంగుళాలెత్తున బల్ల వేసి పెడితే చెమ్మ, ఎలుకల బెడద ఉండదు.

ధాన్యం, ఎరువుల కొట్టుగా సున్నా. నేల బరువు మోస్తుంది, సందేహం లేదు. గోడ మొయ్యదు. 75 కిలోల ధాన్యం బస్తాలను ఎనిమిది వరసలు గోడకు ఆనించి పేరిస్తే అవి బయటికి తోస్తాయి, సున్నం గోడకు ఆ తోపుడు తట్టుకునే బిగువు లేదు. మేస్త్రి చేత బయటివైపు గుండుదారం వేలాడదీయించండి. నడుం దగ్గర అంగుళం ఉబ్బు కనిపిస్తే కొట్టుగా వాడిన గది అదే. ఎరువులు ఇంకా దారుణం. యూరియా గాల్లో చెమ్మను లాగుతుంది, పొటాష్ ఉప్పు సున్నంలోకి ఇంకుతుంది, కిటికీ ఊచలు, కప్పు మేకులు తుప్పు పడతాయి. బస్తాలు తీసేసిన పదేళ్ల తరవాత కూడా ఆ గోడ ప్రతి వానకాలం చెమరుస్తూనే ఉంటుంది. ఎంత వెల్ల వేసినా తెల్లబడదు.

తుపానుకు తలదాచుకునే చోటుగా వాడనే వద్దు, మార్కుల ప్రసక్తి లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడ్డాక తీరం వెంబడి కాంక్రీటు స్తంభాల మీద ఎత్తుగా తుపాను షెల్టర్లు కట్టారు. మామూలు రోజుల్లో వాటిని బడులుగా వాడుకునే ఊళ్లున్నాయి. అది అటునుంచి ఇటు వచ్చిన వాడకం, సబబైనది. పెంకుటి బడిని షెల్టరుగా వాడడం అలా కాదు. చూరు దగ్గర పది పెంకులు లేచాయంటే గాలి లోపల దూరి కప్పును కిందనుంచి ఎత్తేస్తుంది. చూరు వైపు రెండు వరసలు, కొప్పు వరస సున్నంలో కూర్చోబెట్టి, చూరు పెంకులను వెనకనున్న చిల్లులోంచి జీఐ తీగతో రీపరుకు బిగిస్తే మామూలు గాలివానలు తట్టుకుంటుంది. తుపానుకు అదీ చాలదు. గాలి తగ్గాక బియ్యం పంచడానికి, వైద్య శిబిరానికి మాత్రం ఇంతకంటే అనువైన వసారా ఊళ్లో ఉండదు.

ఇప్పటి పరిస్థితికి సరిపోయే వాడకం అంగన్‌వాడీ. ఎనిమిది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 117 ఉత్తర్వుతో చాలా ఊళ్లలో మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూలుకు తరలిపోయి చిన్నపిల్లలే మిగిలారు. ఆ ఉత్తర్వు తరవాత వెనక్కి వెళ్లినా ఖాళీ అయిన గదులు అన్నిచోట్లా నిండలేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చల్లటి గది, ఆడుకోవడానికి వసారా ఉన్నాయి. మార్చాల్సినవి మూడే: అరుగు అంచున రెండడుగుల కటకటాలు, మెట్టు ఎత్తు ఆరంగుళాలకు తగ్గించడం, పాత తలుపు గడియ పిల్లల చేతికి అందనంత పైకి. వేళ్లు నలిగేది ఆ గడియ దగ్గర కాదు, బందుల వైపు సందులో. అక్కడ పాత సైకిల్ ట్యూబు పట్టీ కొడితే చాలు.

గ్రంథాలయం అడిగేవాళ్లు ఎక్కువ, నడిపేవాళ్లు తక్కువ. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం కాబట్టి అడగడంలో తప్పు లేదు. బీరువాలు గోడకు నాలుగంగుళాలు ఎడంగా, పైన టార్పాలిన్ కప్పు కట్టుకునే వీలుగా పెట్టాలి. దినపత్రికల గదిగా ఏడు మార్కులు, పుస్తకాల నిలవకు ఐదు.

అన్నిటికంటే తక్కువ మార్కులు, సున్నాకూ కిందే, తాళానికి. కొట్టుకైనా రోజూ ఎవరో ఒకరు లోపలికి వెళ్లి ఎక్కడ కారుతోందో చూస్తారు. తాళం వేసిన బడిలో ఒక్క పెంకు పగిలితే ఒక వానకాలానికి రీపరు నానుతుంది, రెండో ఏడు వంగుతుంది. అది వంగితే పక్కనున్న ఐదారు పెంకుల గాడులు విడతాయి. నాలుగో ఏటికి గోడ తలమీద నేరుగా వాన, ఆపైన రావిమొక్క. మొక్కను పీకితే పైన విరుగుతుంది, వేరు గోడలోనే ఉంటుంది. మొదలు దగ్గర నరికి, వేరులో రంధ్రం చేసి కలుపుమందు పోసి, చచ్చాక ఆ ఇటుకలు విప్పి మళ్లీ కట్టాలి.

కూల్చడమే ఖాయమైతే టెండరుకు ముందు లెక్క రాయించండి. బాగున్న పెంకులు, టేకు దూలాల పొడవు మందాలు, నాపరాళ్లు, తలుపుల జతలు, కిటికీ ఊచలు. ‘పాత సామాను’ అని ఒక్క ముక్కలో రాస్తే దూలాల ధర గుత్తేదారు ఇంటికి పోతుంది. వసారా దూలానికి గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కను జాబితాలో విడిగా వేయించి, కొత్త బడి హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. ముందురోజు రాత్రి మాయమయ్యేది అదే.